మూడో బండ కింద

పెరటి మురుగు కాలువ మీది రెండో బండ లేచింది. గడ్డపార మొన కింద చిన్న రాయి పెట్టి ఒంటి బరువంతా వెనక్కి వేస్తే మెల్లగా, ఇష్టం లేనట్టు లేచింది. దాన్ని గోడకు ఆనించి, కొబ్బరిచిప్పతో నల్లటి బురద తోడి పాత సిమెంటు బొచ్చెలో పోస్తున్నాను. వాసన మొదట ముక్కులో గుచ్చుకుంది, ఇప్పుడు తెలియడం లేదు. అది పోయిందని కాదు, నేనే దానికి అలవాటైపోయాను. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మగ్గం చప్పుడు కూడా ఇంతే. మొదట నిద్ర పట్టనివ్వలేదు, తర్వాత అది ఆగితేనే మెలకువ వచ్చేది. తల ఎత్తి చూస్తే పడమట మబ్బు. మాడిన బాణలి అడుగులా నల్లగా ఉంది, ఇంకా దూరంగానే ఉంది. ధర్మవరం దాకా వస్తుందో, దారిలో ఎక్కడైనా మనసు మార్చుకుంటుందో. ఇక్కడ మబ్బును నమ్మి ఎవరూ ఆరేసిన బట్టలు తీయరు. అయినా ఇవాళ గాలిలో తడి ఉంది. గోడ వెంట చీమలు తెల్లటి గుడ్లు నోట కరుచుకొని పైకి పోతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, ఆగకుండా. పొద్దున వాకిలి ఊడుస్తూ వాటినే చూశాను. అప్పుడే అనుకున్నాను, అన్నాలు కాగానే బండలు లేపాలని.

ఈ గోడకు అవతల మగ్గం గది. మాది గుంత మగ్గం. నేలలో గుంత, దాని అంచు మీద కూర్చొని కాళ్ళు లోపలికి వదిలితే కింద తొక్కుడు చెక్కలు. మగ్గం మీద కుంకుమరంగు చీర ఉంది, ఒళ్ళంతా అయిపోయింది, కొంగు ఒక్కటే మిగిలింది. మొదటి పోగు నుంచీ నేనొక్కదాన్నే నేస్తున్న తొలి చీర. ఈ కాలువ సరిగ్గా ఆ గది గోడను రాసుకుంటూ వీధిలోకి పోతుంది. బట్టల నీళ్ళు, అంట్ల నీళ్ళు, మిద్దె మీద పడిన వాన నీళ్ళు అన్నీ ఇందులోకే. ఇది నిలిచిందంటే ఆ నీళ్ళు గోడ కింద నుంచి చెమ్మగా ఊరి, మగ్గం గుంతలో తేలుతాయి. పోయినేడు అట్లాగే తేలాయి. మామ నేస్తున్న వంగపండు రంగు చీర అంచు తడిసి, రంగు దిగి, చీర చీరే పనికిరాకుండా పోయింది. నిన్న సంగటి ముద్ద చేతిలో పట్టుకొని మా మామ జయరాముడు అత్తతో అన్న మాట చెవిలోనే ఉంది.

"ఈ తూరి గుంతలోకి నీళ్ళొస్తే ఇంగ పూడ్చేదే. మేస్త్రీ కుళ్లాయప్పకు చెప్పినా. మట్టి తోలి బండలు పరుస్తాడు. గది అద్దెకిచ్చుకుందాం."

"మగ్గమో?" అంది అత్త.

"ఇప్పేస్తే కట్టెలు. నా మోకాళ్ళు ఎట్లా నన్ను గుంత దిగనీవు."

"ఈ పాప నేస్తాంది గదా."

"నేస్తాంది. నీళ్ళు రాకుంటే నేస్తాది."

అంతే. మామ మాట పెంచడు, అన్న మాట వెనక్కి తీసుకోడు. నేను పప్పు వడ్డిస్తూ విన్నాను, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. మా ఊరి బడిలో హాజరు పిలిచేటప్పుడు నా జవాబు ముందు వరుస దాటి పోయేది కాదు. సారు రానట్టు గీత పెట్టి, తల ఎత్తి, కిటికీ పక్కన నన్ను చూసి, ఆ గీతను దిద్దేవాడు. ఏడాదంతా నా పేరు పక్కన దిద్దుబాట్లే. నోరు లేని పిల్లకు కళ్ళే పని. కిటికీ అవతల కాకి గూడు ఎట్లా కడుతుందో, ఏ పుల్ల వద్దని పారేస్తుందో చూస్తూ ఎక్కాలు నేర్చుకున్నాను. అట్లాంటి దాన్ని తెచ్చి గుంత మగ్గం మీద కూర్చోబెడితే ఎట్లా ఉంటుంది. కాళ్ళు వదలగానే నేల నడుము దాకా నన్ను పట్టుకుంది. ఎండాకాలం ఊరంతా పెనంలా కాలుతుంటే పాదాలు మాత్రం చల్లగా ఉండేవి. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోతుంటే వీధిలో పోయేవాళ్ళకు కూడా తెలుస్తుంది, ఈ ఇంట్లో ఒక మనిషి ఉందని. నోరు తెరవకుండా అంత చప్పుడు చేయవచ్చని నాకు అంతవరకు తెలియదు. గుంత పూడిస్తే ఆ గదిలోకి ఎవరో వస్తారు, టీవీ పెట్టుకుంటారు, మంచివాళ్ళే అయి ఉంటారు. నేను వంటింట్లోకి పోతాను. అక్కడ మా అత్త నాగలక్ష్మమ్మ మాటే వినిపిస్తుంది. మంచి మాటే, కాని ఆమె మాట.

కొబ్బరిచిప్ప విరిగింది. ఇంకొకటి తెచ్చుకోవాలి, లేదా చేత్తోనే తీయాలి. చేత్తోనే తీస్తాను. చేతికి తెలిసినంత చిప్పకు తెలియదు. అడుగున ఇసుక, దాని మీద సబ్బు గడ్డలు, మెతుకులు, వేపాకులు, మా ఆయన ఎప్పుడో పోగొట్టుకున్న పెన్ను మూత. ఆయన తాడిపత్రిలో బండల పాలిష్ పనిలో ఉంటాడు, వారానికొకసారి వస్తాడు. ఈ కాలువ మీది బండలు కూడా ఆయన తెచ్చినవే, అంచులు విరిగి అమ్ముడుపోనివి. అందుకే మా మోరీ మూత ఇంట్లో నేల కన్నా నున్నగా ఉంటుంది. వచ్చిన చుట్టాలు దాని మీద కూర్చొని కాఫీ తాగి పోతారు, కింద ఏముందో ఎవరూ అడగరు. అసలు మా సీమలో అందరి తలపూ నీళ్ళు రావడం గురించే. ఇల్లు కట్టేవాడు బోరు ఎక్కడ వేయాలని అరచేతిలో టెంకాయ పట్టించి స్థలమంతా నడిపిస్తాడు, టెంకాయ నిలబడిన చోట దండం పెడతాడు. వాడిన నీళ్ళు ఎటు పోతాయని ఒక్కడూ అడగడు. పోయేంత నీళ్ళుంటే కదా. ఈ ఇల్లు కట్టినప్పుడూ అట్లాగే అయి ఉంటుంది. కరువు ఏళ్ళలో కట్టిన ఇల్లు. కాలువకు వాలు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. వాలు లేని కాలువలో నీళ్ళు కూడా మా మామ లాగే, కదలమంటే కదలవు.

కాని నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో నాకు తెలుసు. మామ వీధి కాడ కాలువ మూతి గెలికి, బాగయిందని లోపలికి వచ్చేవాడు. నేను బట్టలు ఉతికి నీళ్ళు వదిలి, పిండే నెపంతో అక్కడే కూర్చొని చూసేదాన్ని. బండల సందుల్లోంచి సబ్బు నురుగు కనిపిస్తుంది. మొదటి సందులో పరుగెత్తుతుంది. రెండో సందులో నడుస్తుంది. మూడో సందులో కనిపించదు. చాలాసేపటికి కనిపిస్తుంది, అప్పటికి నురుగు చచ్చి నీళ్ళు మాత్రం అలసిపోయి వస్తాయి. అంటే రోగం మూతి కాడ లేదు. ఎవరితోనైనా అనవచ్చు. అంటే ఎందుకు అన్నావని, ఎట్లా తెలుసని, ఇంతకాలం ఎందుకు చెప్పలేదని నాలుగు మాటలు వస్తాయి, వాటికి జవాబులు కావాలి. బండ లేపడమే సులువు.

కిటికీలో పెట్టిన ఫోను మోగింది. చేతులు రెండూ మోచేతుల దాకా నలుపు. లేచి పోయి ముక్కు కొసతో నొక్కాను. మా నాయన ఓబిలేష్. ఫోనంటే ఆయనకు దూరంగా ఉన్న మనిషిని పిలవడమే, అందుకే గట్టిగా అరుస్తాడు.

"పాపా, ఆడ మబ్బుండాదా?"

"ఉండాది నాయనా, పడమట."

"పడమటంటే మా మీదుగానే రావల్ల. శెనిక్కాయ ఊడలు దిగే టయము, నేల చూస్తే బండయి కూసుండాది. ఇప్పుడొక పదును వాన పడితే సాలు తల్లీ. నువ్వూ మొక్కుకో. మేం తాగి మిగిలింది మీకు పంపిస్తాం."

"సరే నాయనా."

"ఏం చేస్తాండావు?"

"మోరీ తీస్తాండా."

"మా తల్లే. మాకీడ తాగను నీళ్ళు లేవు, నీకు మోరీ పొంగుతాండాదా" అని నవ్వి పెట్టేశాడు. కంబదూరు దగ్గర ఎర్రనేల మాది. మా తాత కాలంలోనే మగ్గం విప్పేసి వేరుశనగ పట్టుకున్నారు. మొక్క పూత పూసి, ఆ పూత కింది నుంచి సన్నటి ఊడలు నేల వైపు దిగుతాయి. నేల మెత్తగా ఉంటే లోపలికి పోయి కాయ అవుతాయి, గట్టిగా ఉంటే మొన ఆనించి అట్లాగే ఎండిపోతాయి. చిన్నప్పుడు చేలో బోర్లా పడుకొని వాటిని చూసేదాన్ని. గుచ్చుకోవడానికి చోటు వెతికే వేళ్ళు. వాన పడిన రోజు ఊళ్ళో ఎవరూ ఇంట్లో ఉండరు, తడుస్తూ చేలగట్ల మీద తిరుగుతారు, పెళ్ళికి వచ్చినట్టు ఒకరినొకరు పలకరించుకుంటారు. ఇక్కడ వాన పడితే వీధంతా గడపల్లో నిలబడి గుంతల వైపు చూస్తుంది. ఒకే మబ్బు, అక్కడ దాన్ని దిగమంటారు, ఇక్కడ పొమ్మంటారు. నేనేమని మొక్కుకోవాలి. వాన రావాలి, నీళ్ళు పోవాలి. దర్జీకి జాకెట్ కొలతలు చెప్పినట్టు దేవుడికి ఇంత వివరం చెప్తే వింటాడా. సగం ఆయన చూసుకుంటే మిగతా సగం నేను చూసుకుంటానని మాత్రం అనుకొని వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

పిట్టగోడ మీద నల్లమ్మ అవ్వ తల కనిపించింది. పక్కింటి ముసలామె, కండెలు చుట్టి చుట్టి వేళ్ళు వంకర పోయాయి, నాలుక మాత్రం పోలేదు. 

"ఏమ్మే జ్యోతీ, దుడ్ల కొప్పెర ఏమన్నా దొరికిందా?"

"దొరికితే సగం నీకే అవ్వా."

"నాకొద్దులేమ్మా ఆ కంపు దుడ్లు. మీ మామ ఎప్పుడు చూసినా మూతి కాడ గెలుకుతాడు. కడుపులో నొప్పికి మూతి కడిగితే ఏమొస్తాది." ఆమె ఆకు నములుతూ నేను లేపబోయే బండ వైపు చూసింది. "ఆ బండ కాడ మీ అత్తకేదో పనుండాది మ్మే. శుక్రవారం దీపం పెట్టినాక వస్తాది, అటూ ఇటూ చూసి వంగి లేస్తాది. ముగ్గేస్తాందేమో అనుకున్నా. తెల్లారి చూస్తే ముగ్గు లేదు."

"ఏం పనో నాకు తెలీదవ్వా."

"ఇప్పుడు తెలుస్తాది లే" అని గోడకు చేతులు ఆనించుకొని బాగా నిలబడింది, తమాషా చూడ్డానికి. నేను గడ్డపార మూడో బండ కింద పెట్టాను. ఇది పెద్దది, మొండిది. మొదటిసారి రాలేదు. రెండోసారి గడ్డపార జారి నేను గోడకు తగిలాను. నల్లమ్మ అవ్వ "సంగటి తింటివా, గాలి తింటివా" అంది. నవ్వొచ్చింది, నవ్వులో బలం పోతుంది, ఆగి, ఊపిరి పట్టి మళ్ళీ వేశాను. లేచింది. కింద నీళ్ళు కనిపించలేదు, బురద కూడా కనిపించలేదు. కాలువ నిండా ఒక జంతువు పడుకున్నట్టు ఏదో ఉంది, నల్లగా, బొచ్చుతో. చెయ్యి పెట్టాలంటే కొంచెం భయం వేసింది. పెట్టాను. మెత్తగా ఉంది, జారుతోంది, కాని పట్టుకొని లాగితే తెగలేదు. పాముకు ఇంత ఓపిక ఉండదు కాబట్టి పాము కాదు. కొస ఒకటి దొరికించుకొని చెంబుతో నీళ్ళు పోశాను. నలుపు కారిపోయి కింద ఎరుపు కనిపించింది. ఇంకో చెంబు పోశాను. పసుపు, ఆకుపచ్చ, మధ్యలో ఒక్క మెరుపు, జరీ. పట్టు. ఇంతదాకా మా నీళ్ళను ఆపి కూర్చున్నది పట్టు.

చేతికి చుట్టుకొని లాగుతుంటే జానెడు వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ జానెడు. జుట్టు, సబ్బు, పట్టు పోగులు పెనవేసుకొని మోకు అయ్యాయి. పట్టు కుళ్ళదు. ఈ ఇంట్లో నేసిన చీరలు ఎవరి ఇళ్ళకో పోయాయి, వాటి తెగిన పోగులు మాత్రం వరుస తప్పకుండా ఇక్కడే ఉన్నాయి. పైన కుంకుమరంగు, ఇది నా చీరదే, మొన్న మొన్నటిది. దాని కింద వంగపండు రంగు, తడిసిపోయిన చీర, దాన్ని ఆ రోజు మామ మడత పెట్టకుండా ఒళ్ళో వేసుకొని చాలాసేపు కూర్చున్నాడు. ఇంకా లాగితే ఆవపిండి రంగు, అది నాకు బాగా తెలుసు, నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు మగ్గం మీద ఉన్నది అదే. గది గుమ్మంలో నిలబడి చూస్తుంటే అత్త నన్ను గుంతలోకి దిగమంది, పట్టీలు విప్పి దిగమంది, కాళ్ళు చెక్కలకు అందక ఊగితే పీట వేసింది. తర్వాత నెమలికంఠం, నేను రాకముందు కరోనా ఏటిది, నేసిన చీర కొనేవాళ్ళు లేక మడతలోనే ఉండిపోతే అత్త దాన్ని రోజూ తీసి గాలికి వేసి, మళ్ళీ మడిచి, పాపం ఇది కూడా ఇల్లు కదలలేకుండా ఉంది అనేదట. దాని కింద నేను ఎరుగని రంగులు. చిలకపచ్చ, మామిడిపండు, పాలకోవా రంగు. నేను మా ఊరి బడి కిటికీలోంచి కాకిగూడు చూస్తున్నప్పుడు ఇక్కడ ఇవి నేస్తూ ఉన్నారేమో. ఎవరో పెళ్ళికూతుళ్ళు కట్టుకున్నారు, వాళ్ళకు ఇప్పుడు పిల్లలు. నా పిడికిట్లో వాళ్ళ పెళ్ళిళ్ళ కొసలన్నీ ఉన్నాయి, మురుగు వాసనతో. 

పెరటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఎంతసేపయిందో. నేను మోకు ఎత్తి చూపించాను.

"అది యాడిదో నాకేం తెలుసు" అంది అత్త.

నేను మోకు మీద ఇంకో చెంబు నీళ్ళు పోశాను, జరీ మళ్ళీ మెరిసింది. 

"ఎలుకలు లాక్కొచ్చింటాయి" అంది మళ్ళీ.

గోడ అవతల నల్లమ్మ అవ్వ దగ్గింది. "అవునులే నాగలక్ష్మమ్మా. శుక్రవారం శుక్రవారం వచ్చే ఎలుక."

అత్త ముఖం ఎర్రబడింది, తర్వాత దానిమీద నవ్వు వచ్చింది, దాన్ని ఆపుకోవడానికి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "మరేం చెయ్యల్ల. తెగిన పోగు తొక్కగూడదు మా ఇంట్ల. పోగు తొక్కితే మన నేతోళ్ళ తల్లి చౌడేశ్వరమ్మ జడ తొక్కినట్ల అనేది మాయమ్మ. కసువుల పారేయగూడదు, కాల్చగూడదు. పారే నీళ్ళల్ల కలిపితే దోషం లేదు. మాయమ్మ చిత్రావతిలో కలుపుతాండె. నేనొచ్చినంక ఆ ఏట్లో ఇసుక తప్ప ఏముండె? ఈ ఊర్లో నాకు తెలిసి పారే నీళ్ళు ఈ మోరీలోయే."

"పారలేదత్తా" అన్నాను.

"పారలేదని ఇప్పుడు తెలిసె" అంది. అని మోకు కొస తనూ పట్టుకుంది. గుంత దగ్గర కూర్చొని మామకు పోగులు అందించి, తెగినవి ఏరి, కొంగున కట్టుకొని, దీపం వెలిగించాక తెచ్చి ఈ సందులో వదిలి దండం పెట్టే ఆమెను ఊహించుకున్నాను. ఇన్నేళ్ళూ తన మగ్గాన్ని తన భక్తితోనే ముంచుతూ వచ్చింది. ఆ మాట ఆమెకూ తట్టినట్టుంది, ఎందుకంటే నా వైపు చూడకుండా, "మీ మామకు చెప్పగాకు మ్మే" అంది. నేను చెప్పే మనిషిని కానని ఈ ఇంట్లో అందరి కన్నా ఆమెకే తెలుసు. ఇద్దరం కాళ్ళు గోడకు తన్ని లాగాం. నల్లమ్మ అవ్వ అటు నుంచి "ఏలో, ఏలో" అంటోంది. మోకు సాగింది, సాగింది, ఒక్కసారిగా వదిలింది. అత్త వెనక్కి పడింది, నేను అత్త మీద పడ్డాను, మోకు మా ఇద్దరి మీద పడింది. కాసేపు ఎవరం లేవలేదు. అత్త కడుపు నా కింద ఊగుతోంది, నొప్పికేమో అని భయపడి చూస్తే నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు కారేలా, చప్పుడు లేకుండా, అచ్చం నేను నవ్వినట్టు. మా ఇద్దరి నవ్వూ ఒకటేనని అంతవరకు నేను చూడలేదు.

మొదటి చినుకు అత్త నుదుటి మీద పడింది. అంత పెద్ద చినుకు నేను ఈ మధ్య చూడలేదు. తర్వాత బండ మీద ఒకటి, బొచ్చెలో ఒకటి, తర్వాత లెక్క లేదు. నల్లమ్మ అవ్వ తల గోడ అవతలికి దిగిపోయింది. అత్త ఆ మోకును తొక్కకుండా ఎత్తి, తీగ మీద ఆరేసి, వాన దాని మీద పడుతుంటే చూసి, "కడగనక్కర్లే, ఆయమ్మే జడ కడుక్కుంటాంది" అని లోపలికి పోయింది. నేను కదల్లేదు. మిద్దె గొట్టం మొదట గొంతు సవరించుకుంది, తర్వాత ఒక్కసారిగా కాలువలోకి దూకింది. ఎర్రటి నీళ్ళు, మిద్దె మీది దుమ్మంతా కలిసి, మొదటి సందు దాటాయి, రెండోది దాటాయి, మూడో బండ ఉన్న చోటుకు వచ్చి ఆగాయి. ఆగి, చుట్టూ చూసుకున్నట్టు తిరిగి, మట్టం పెరగడం మొదలుపెట్టాయి. గోడ అంచుకు జానెడు కింద. నా గుండె కూడా అక్కడే ఉంది. మోకు తీశాం కదా, ఇంకేముంది. అంతలో వీధి గుమ్మం తలుపు చప్పుడైంది. మామ టీ అంగడి నుంచి తడిసి వచ్చాడు. లేచి ఉన్న బండల్ని, తీగ మీది రంగుల మోకును, బురదలో నన్ను వరుసగా చూసి, ఏమీ అడగకుండా మగ్గం గదిలోకి పోయాడు. దీపం వేసిన వెలుతురు కిటికీలో కనిపించింది. నీళ్ళకు, ఆ గుంతకు మధ్య ఒక గోడ, గోడకు ఇటు నేను, అటు మామ. 

చిన్నప్పుడు చేలో వాననీళ్ళు గట్టు దగ్గర ఆగిపోతే నాయన పార ఎత్తకుండా ముందు చెంప నేలకు ఆనించి చూసేవాడు, నేల వీపు ఎక్కడ ఉబ్బిందో. నేనూ బురదలో బోర్లా పడుకున్నాను. చెంపకు చల్లగా తగిలింది నేల. నీళ్ళు నాలుగో బండ కిందికి తొంగి చూస్తున్నాయి, పోవడం లేదు. అక్కడ మోకు తోక తెగి మిగిలి ఉండాలి. పొడుగాటి వెదురు బద్ద తీసుకొని, భుజం దాకా కాలువలోకి దించి, నెట్టాను. మెత్తగా తగిలింది. తిప్పాను. అడ్డంగా నేసే పేక పోగు చిక్కుపడితే లాగకూడదు, తిప్పి వదులు చేయాలని అత్త నేర్పింది. తిప్పాను, వదిలాను, తిప్పాను. లోపల ఎక్కడో ఒక గుటక వినిపించింది. దప్పికైన మనిషి కుండెత్తి తాగినట్టు ఇంకొక గుటక. తర్వాత కాలువ తన గొంతు తను విప్పుకుంది. నీళ్ళు ముందుకు పడ్డాయి, నా చేతిని కూడా రమ్మని లాగాయి, మట్టం కళ్ళముందే దిగింది. వేపాకులు, నురుగు, ఇసుక, బొచ్చెలోంచి ఎప్పుడు జారిందో మా ఆయన పెన్ను మూత, అన్నీ వీధి వైపు పరుగు. కిటికీలో ఫోను మోగుతోంది. నాయనే. ఎత్తకపోయినా ఏం చెబుతాడో తెలుసు, చేలగట్టు మీద తడుస్తూ నిలబడి ఉంటాడు. మోగనీ. ఆ మోతే మాట. నేను ఆ మోత వింటూ, నోట్లోకి వాననీళ్ళు పోతుంటే, అట్లాగే బోర్లా పడుకొని ఉన్నాను. ఎంతసేపో తెలియదు, వాన వెలిసేదాకా.

వాన వెలిసినా మిద్దె గొట్టం సన్నగా కారుతూనే ఉంది. కాళ్ళు కడుక్కొని గది గుమ్మం దగ్గరికి వచ్చాను. అత్త అప్పటికే అక్కడ నిలబడి ఉంది, లోపలికి పోవడం లేదు. మామ గుంత అంచు మీద కూర్చొని ఉన్నాడు. అంత వానా అక్కడే కూర్చొని గుంతలోకి చూస్తూ ఉన్నాడన్నమాట. మగ్గం కొయ్య పట్టుకొని, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు వంచి లోపలికి దిగాడు. ఆ మోకాళ్ళ చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. వంగి అరచెయ్యి గుంత నేల మీద పెట్టాడు. మూలలో పెట్టాడు. గోడ పక్క, ప్రతిసారీ మొదట చెమ్మ తేలే చోట పెట్టి అక్కడే ఉంచాడు. తీసి దీపం వెలుతుర్లో తిప్పి చూసుకున్నాడు. అరచేతికి పొడి మట్టి తప్ప ఏమీ లేదు. అత్త నా చెయ్యి పట్టుకుంది, ఆమె చెయ్యి చల్లగా ఉంది. మామ పైకి వచ్చి, నా చీర దగ్గర ఆగాడు. అంచు మీద బొటనవేలితో అంగుళం అంగుళం తడిమాడు, ఒక చోట ఆగి, వంగి చూసి, ముందుకు పోయాడు. నేను గుమ్మంలోంచి ముందుకు వంగాను. ఆయన ఏమంటాడో అని కాదు, అక్కడ నేను ఒక పోగు తప్పి దిద్దుకున్నాను, అది కనిపించిందో లేదో అని.

తర్వాత ఆయన గోడ దగ్గరికి పోయి, కొయ్యకు తగిలించిన తెల్లగుడ్డ తీశాడు. మాకు పట్టు ఇచ్చే సేటు ఇంటి నుంచి కొత్త పడుగును, అంటే చీర నిలువు పోగుల్ని, చుట్టుకొని తెచ్చే గుడ్డ అది, అందుకు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. మగ్గం మీది పడుగు అయిపోయేలోగానే కొత్తది తెచ్చి ఉంచుకోవాలి, పోగుకు పోగు అతకాలి, అప్పుడే మగ్గం ఆగకుండా నడుస్తుంది. గుడ్డను రెండుసార్లు విదిలించి, నాలుగు మడతలు పెట్టి, చంకలో ఇరికించుకున్నాడు. మేము గుమ్మంలో పక్కకు జరిగాం. ఆయన మా ఇద్దరి మధ్య నుంచి, ఎవరి ముఖమూ చూడకుండా, చెప్పులు వేసుకొని, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళిపోయాడు.